రాసింది రాసినట్టు

తణుకులో చలపతి మాష్టారిని ఎరగనివాళ్ళు లేరు. ఆయన చెల్లెలు ఉమాశ్రీ గురించి అడిగితే మాత్రం అందరూ ఒక్క ముక్కే చెబుతారు: మొగుణ్ణి వదిలేసి వచ్చిన మనిషి. ఎంసీయే చదివిందనీ, బస్టాండు దగ్గర ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుందనీ, ఆ మొగుడు బెల్టు తీసి కొట్టేవాడనీ ఎవరికి కావాలి! అన్నగారింట్లో వెనక గది ఇచ్చారు, రెండు పూటలా తిండి పెడుతున్నారు, ఇంకేం కావాలట ఆవిడకి? అదీ ఊరి లెక్క.

మాష్టారు హైస్కూల్లో తెలుగు పండితులు. తెలుగువాళ్ళంతా బ్లాగులు మొదలెడుతున్న రోజుల్లో ఆయనకీ సరదా పుట్టింది. అమెరికాలో ఎక్కడో సర్వర్లో అద్దె జాగా తీసుకుని, బ్లాగు సాఫ్ట్‌వేర్ తెచ్చి అందులో పెట్టి, గోదారి ఒడ్డు ఊళ్ళ గురించి ఆయన రాసిందల్లా టైపు చేసి ఎక్కించింది ఉమాశ్రీ. పేజీకి అట్టడుగున చిన్న అక్షరాలతో 'నిర్వహణ: ఉమాశ్రీ' అని పెట్టుకుంది. ఆమె పేరు పక్కన మొగుడి ఊసు లేకుండా, చేసిన పని మాత్రమే ఉన్న చోటు లోకం మొత్తం మీద అదొక్కటే. దాన్ని చూసుకుని మురిసిపోయేది పిచ్చిది.

పని మాత్రం పద్ధతిగా చేసేది. సబ్‌వెర్షన్ అని ఒక సాధనం ఉంది. ఏ ఫైలు మార్చినా పాతదాన్ని పారెయ్యదు, పొర మీద పొరగా దాస్తుంది. ఏ పొర కావాలంటే ఆ పొర మళ్ళీ పైకి తీసుకోవచ్చు. బ్లాగు సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఉమాశ్రీ ముందు రాతలన్నీ ఉండే డేటాబేస్ మొత్తం దించి ఇన్‌స్టిట్యూట్ మెషీన్‌లో భద్రం చేసేది. ఆ తర్వాతే ఒక్క కమాండుతో పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మారేది. ఏదైనా బెడిసికొట్టిందా, ఇంకో కమాండు, మళ్ళీ పాతది చక్కగా వచ్చి కూర్చునేది.

మాష్టారి రాతలు కూడా ఆ సబ్‌వెర్షన్‌లోనే దాచేది. అసలు కథ అంతా అక్కడే ఉంది. పైకి సాధువులా కనబడే ఆయన కాగితం మీద పెన్ను పెడితే పచ్చి విషం. హెడ్మాష్టర్ని, వియ్యంకుణ్ణి, గుడి పూజారిని, ఎవర్నీ వదిలేవారు కాదు. కోపం వచ్చినప్పుడు రాసి పారేసి మర్చిపోయేవారు. తను రాసింది తను మళ్ళీ చదవడం ఎంగిలి తిన్నట్టని ఆయన సిద్ధాంతం. ఉమాశ్రీ దాన్ని రాసింది రాసినట్టు టైపు చేసి ఒక పొరగా దాచేది. తర్వాత కూర్చుని, తిట్లు పీకి, ముళ్ళు విరిచి, మనుషులు చదివేలా దిద్ది, దిద్దినదాన్ని పైకెక్కించేది. "మీ కలంలో తేనె ఉందండీ మాష్టారూ" అని పాఠకులు రాస్తే ఆయన మీసం సవరించుకునేవారు.

ఆవిడ దిద్దకుండా వదిలేసిన వ్యాసం ఒక్కటే. మొగుళ్ళని వదిలేసి పుట్టింటి మీద పడే ఆడవాళ్ళ గురించి రాశారు మాష్టారు. పేరు పెట్టలేదు కానీ, ఎవరి గురించో వంటింట్లో పిల్లికి కూడా తెలుసు. అది కూడా ఆవిడ చేతికే ఇచ్చారు టైపు చెయ్యమని! చేసింది. అక్షరం మార్చకుండా ఎక్కించింది.

ఇలా ఉండగా అప్పాజీ గారు, పేద్ద రైసు మిల్లు ఆసామి, రాజమండ్రిలో మాష్టారికి సన్మానం పెట్టించారు. తన మిల్లు గురించి, తాతగారి గురించి బ్లాగులో వచ్చిన వ్యాసం చదివి ఆయన పొంగిపోయారు. హాల్లో పెద్ద తెర కట్టించి బ్లాగు అందరికీ చూపిస్తామన్నారు. అంతే, మాష్టారికి కళ్ళు నెత్తికెక్కాయి. ఉమాశ్రీ వదిన కనకవల్లి ఆ నిప్పు మీద ఇంత నెయ్యి పోసింది.

"పేరు మీదీ, పాస్‌వర్డు ఆవిడ దగ్గరా? బాగానే ఉందండి సంబడం."

పాస్‌వర్డు చేతులు మారింది. ఆ సాయంత్రమే పేజీ అడుగున ఉన్న ఉమాశ్రీ పేరు మాయమైంది.

కొత్త వెర్షన్ వచ్చింది, మారండి అని పేజీ నెత్తిన పచ్చపట్టీ వేలాడుతోంది. సన్మానం నాటికి అది పోవాలన్నారు మాష్టారు.

"నేను చేస్తాను అన్నయ్యా. ముందు డేటాబేస్ దించాలి, మధ్యాహ్నం వచ్చాక..."

"మధ్యాహ్నం వర్జ్యం. పదిలోపే మంచిది. నీ వెనక నిలబడి చూసీ చూసీ నాకూ వచ్చేసిందిలే. నాలుగు మీటలు నొక్కడానికి నువ్వెందుకు?"

"పాతదాన్ని మాత్రం ముట్టుకోకన్నయ్యా."

"నిర్మాల్యం తియ్యకుండా కొత్త పూలు పెడతామేంటే?"

అన్నంత పనీ చేశారు మహానుభావుడు! స్నానం చేసి, మడి కట్టుకుని, కంప్యూటర్‌కి బొట్టు పెట్టి కూర్చున్నారు. దేవుడి గూట్లో నిన్నటి పూలు తీసేసినట్టు పాత ఫైళ్ళు తీసేశారు. అంతటితో ఆగినా బతికిపోయేవారు. డేటాబేస్ తెరిచి అందులో ఉన్నదంతా ఎంచుకున్నారు. నిజంగా తీసెయ్యాలా అని అది అడిగింది కూడా. అవునన్నారు. శుభ్రమైన చోట కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి, దండం పెట్టి చూస్తే, బ్లాగులో ఇంగ్లీషులో 'హలో వరల్డ్' అని ఒక్క ముక్క ఉంది. నాలుగేళ్ళ రాత తుడిచిపెట్టుకు పోయింది.

ఉమాశ్రీ భోజనానికి వచ్చేసరికి మాష్టారు నేల మీద చతికిలబడి ఉన్నారు. కనకవల్లి విసనకర్రతో విసురుతోంది.

"ఉమా, నా పరువు పోతుందే! నీ దగ్గర కాపీ ఉందా?"

"ఉందన్నయ్యా."

ఆయన మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. ఆ వెంటనే పొగరూ వచ్చింది. ఉమాశ్రీ ఒక్కటే అడిగింది, అదీ మెల్లిగా.

"కింద నా పేరు మళ్ళీ పెట్టుకుంటాను."

"సభలో అంతమంది చూస్తారు. ఎవరీవిడ, మొగుడెక్కడ అని అడిగితే నేనేం చెప్పను?" అని కసిరారు మాష్టారు. "నీ పేరుతో పనేంటి? నేను రాసింది రాసినట్టు రావాలి, ఒక్క అక్షరం తేడా రాకూడదు. నీ పని అంతవరకే."

ఉమాశ్రీ మొహంలో ఏమీ కనబడలేదు. దెబ్బలు తింటూ నేర్చుకున్న మొహం కదా అది.

"అలాగే అన్నయ్యా. నువ్వు రాసింది రాసినట్టే," అంది.

పాస్‌వర్డు తీసుకుని ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి, ప్రతి వ్యాసానికీ మొట్టమొదటి పొరని పైకి రప్పించింది. అన్నీ మళ్ళీ వచ్చాయి. మాష్టారు శీర్షికలు మాత్రం చూసుకుని, అమ్మయ్య అనుకున్నారు. లోపలికి వెళ్ళి చదవలేదు. ఎంగిలి కదా!

రాజమండ్రిలో హాలు నిండిపోయింది. లాప్‌టాప్ దగ్గర ఉమాశ్రీని కూర్చోబెట్టారు, మీటలు నొక్కడానికి. అప్పాజీ గారు శాలువా చేత్తో పట్టుకుని, "మా మిల్లు గురించి రాసింది చూపించమ్మా, అందరూ చదువుతారు," అన్నారు.

ఉమాశ్రీ అన్నయ్య వైపు చూసింది. ఆపమంటే ఆపేసేదేమో. ఆయన విసుగ్గా కానిమ్మన్నట్టు చెయ్యి ఊపారు.

తెర మీద అక్షరాలు పడ్డాయి. ఎప్పుడో మిల్లు వాకిట్లో తనను గంటల తరబడి నిలబెట్టారని ఇంటికొచ్చి మాష్టారు కక్కిన రాత అది. అప్పుడు గుర్తొచ్చింది మాష్టారికి. లేవబోయారు. ఈలోపే అప్పాజీ గారు కళ్ళజోడు పెట్టుకుని, మైకులోనే, నిదానంగా చదివారు.

"ఊక అమ్ముకుని ఎదిగిన వీడికి సభల్లో ముందు కుర్చీ కావాలి. రెండు వాక్యాలు కూడబలుక్కోలేని ఇలాంటి మొద్దుల చేత శాలువాలు కప్పించుకోవాల్సి రావడం పండితుల ఖర్మ."

అప్పాజీ గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"కూడబలుక్కున్నానండి మాష్టారూ. ఎక్కడైనా తప్పు చదివానేంటండి?"

శాలువా మడత విప్పకుండానే చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆయన వెనకే ముందు వరస, ఆ వెనక మిగతావాళ్ళు.

ఖాళీ కుర్చీల మధ్య చలపతి మాష్టారు చెల్లెలి మీదికి వచ్చారు. "ఏం చేశావే పాపిష్టిదానా!"

"నువ్వు రాసిందే అన్నయ్యా. ఒక్క అక్షరం తేడా లేదు."

"ఇన్నాళ్ళూ అందరూ మెచ్చుకున్నది?"

"అది నేను దిద్దింది."

మాష్టారు గొంతు తగ్గించారు. "దాన్ని మళ్ళీ పెట్టగలవా? నీ పేరు కూడా పెట్టుకోవే."

"ఒక్క కమాండు అన్నయ్యా," అంటూ ఉమాశ్రీ లాప్‌టాప్ మూసింది. "వర్జ్యం చూసుకుని కబురు చెయ్యి."

ఇంటికొచ్చాక ఆమె బట్టల సంచీ వాకిట్లో పడింది. విసిరింది కనకవల్లి. దాచిన పొరలన్నీ వెంట తీసుకుని, జంగారెడ్డిగూడెంలో ఇంకో ఇన్‌స్టిట్యూట్ చూసుకుని, అద్దె గదిలో చేరింది ఉమాశ్రీ. అక్కడా ఊరు అదే అడిగింది, మొగుడెక్కడ అని.

మాష్టారు జన్మలో మొదటిసారి తను రాసింది తను చదవడం మొదలెట్టారు. హెడ్మాష్టర్ చూస్తాడని ఒకటి తీసేశారు, వియ్యంకుడు చూస్తాడని ఇంకోటి, పూజారి చూస్తాడని మరోటి. అలా ఒక్కొక్కటే తీసేస్తూ పోయారు. జంగారెడ్డిగూడెం నుంచి ఉమాశ్రీ అదంతా చూస్తూనే ఉంది. చివరికి బ్లాగులో ఒక్క వ్యాసం మిగిలింది, మొగుళ్ళని వదిలేసిన ఆడవాళ్ళ గురించి రాసింది. దానికి నొచ్చుకునేవాళ్ళెవరికీ ఆయన భయపడక్కర్లేదు.

ఉమాశ్రీ దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది. తన దగ్గర ఉన్నదే అయినా, బ్లాగులో మిగిలిన ఆఖరి పేజీగా ఒక కాపీ దించి, మిగతావాటి పక్కన దాచుకుని, క్లాసుకి వెళ్ళిపోయింది.