గుంత ముందు ఒక్క కోన్ పెట్టలేకపోయారా?

నిన్న సాయంత్రం ఫోన్. "మన ప్రకాశం అన్న పోయినాడప్పా."

నా వెధవ జోకులకి ఎవడో రివెంజ్ తీర్చుకుంటున్నాడనుకున్నా. తిట్టి కట్ చేశా.

మళ్ళీ మోగింది. ఈసారి ఏడుపు వినబడింది.

హొసకోటె రోడ్డులో పైపు కోసం తవ్విన గుంత. వాన నీళ్ళు నిండి రోడ్డులాగే కనబడింది. స్కూటర్‌తో సహా అందులో పడ్డాడు.

బ్యారికేడ్ లేదు. రిబ్బన్ లేదు.

చెట్టుకొమ్మ కూడా గుచ్చలేదు, దరిద్రులు.

ఆయన ఏం పని చేసేవాడో తెలుసా? ఊరి బయట విమానం నడపడం నేర్పే చిన్న ఎయిర్‌ఫీల్డ్. అక్కడ నేను జీప్ డ్రైవర్ని. ఆయన రన్‌వే మీద గుర్తులు పెట్టేవాడు. రిపేరు చేసేచోట చుట్టూ కోన్లు. రన్‌వే మూసేస్తే, పైనుంచి కనబడేలా తెల్లగుడ్డతో పెద్ద ఇంటూ మార్కు. ఇక్కడ దిగొద్దు అని.

ఒకరోజు ఫ్లయింగే లేదు. అయినా గాలికి లేస్తున్న గుడ్డ మీద ఇసుక మూటలు సర్దుతున్నాడు.

"ఈ రోజు కాకి కూడా దిగదన్నా, టీకి రా" అన్నా.

"దారి తప్పినోడు నీకు ఫోన్ చేసి దిగుతాడా అప్పా?"

టీ చల్లారిపోయింది. ఆయన రాలేదు.

ఆయన బర్త్‌డేకి గేటు నుంచి క్యాంటీన్‌లో కేక్ దాకా పాత కోన్లు పేర్చా. చేతులు రెక్కల్లా చాపి, వాటి మధ్య నడిచొచ్చి కేక్ ముందు ల్యాండ్ అయ్యాడు మహానుభావుడు! పొట్టలు పట్టుకుని నవ్వాం.

తర్వాత నా చెవిలో అన్నాడు. "రన్‌వే మీద మాత్రం ఈ ఆటలొద్దప్పా. ఆడ గుర్తు తప్పితే మనిషి పోతాడు."

గుర్తు లేకపోయినా పోతాడు, అన్నా.

నువ్వే పోయావు.

ఈ రోజు సమాధి కార్యక్రమం అయ్యాక ఎయిర్‌ఫీల్డ్ వాళ్ళం ఆ గుంత దగ్గరికి వెళ్ళాం. ఇంకా అలాగే ఉంది! మనిషిని మింగాక కూడా!

పాత కోన్లు చుట్టూ పెట్టాం. కర్రలు పాతి, ఆయన పరిచిన తెల్లగుడ్డనే ఇంటూ మార్కులా కట్టాం.

అప్పుడు ఊడిపడ్డాడు కాంట్రాక్టర్ మనిషి. "ఏయ్, ఎవరప్పా మీకు పర్మిషన్ ఇచ్చింది? ట్రాఫిక్ జామ్ అయితాది, తియ్యండి."

"నిన్న మా అన్నని చంపేదానికి నీకెవరిచ్చినారో, వాళ్ళే."

కోన్ మీద పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ దారిన పోయేవాళ్ళు ఒక కన్నేసి ఉంచండి. ఎవడైనా వాటిని కదిలిస్తే నాకు చెప్పండి. వాడికి ఈ జన్మలో నిద్ర లేకుండా చేసే పూచీ నాది.

ప్రకాశం అన్నా, నీ డ్యూటీ అయిపోయింది. ఆ గుడ్డ ఎగిరిపోకుండా మేం చూసుకుంటాం.

దేవుడి దగ్గర మెల్లగా ల్యాండ్ అవ్వు. ఇంక హాయిగా పడుకో.