పరీక్ష హాల్లో అమ్మమ్మ చెయ్యి

కోవెంట్రీలో మా అమ్మమ్మ పుష్పలీల కాలు పెట్టేదాకా పరీక్ష ఎలా పెట్టాలో ఇంగ్లీషువాళ్ళకు తెలియదు. ఆవిడ ఒక్క చూపు చూస్తే చాలు, కాపీ కొట్టే పిల్లవాడే చీటీ తీసి నమిలి మింగేస్తాడు. ఈ సంగతి నేను చర్చిలో అందరికీ చెబుతుంటాను. ఆవిడ అవుననదు, కాదనదు.

ఇరవై ఏళ్ళ కిందట బాపట్ల నుంచి నర్సుగా వచ్చింది. మోకాళ్ళు అరిగాక వార్డు వదిలేసి, మా ఇంటి దగ్గర సెకండరీ స్కూల్లో ఇన్విజిలేటరుగా చేరింది. వేసవిలో కొన్ని వారాల పని. మెత్తటి బూట్లు వేసుకుని వరసల మధ్య తిరగడం, అడిగినవాళ్ళకు కాగితాలివ్వడం, టాయిలెట్‌కి వెళ్ళేవాళ్ళ వెంట నడవడం. నోరు మాత్రం విప్పకూడదు. ఇంట్లో ఆవిడ నోరు తెలిసిన మాకు ఇదొక్కటే నమ్మశక్యం కాలేదు.

ఆ స్కూలు గురించి లోకల్ పేపర్లో మంచి మాట రాగా నేను చూడలేదు. పిల్లల ఇళ్ళలో మాట్లాడే భాషలు ముప్పై పైనే. సగం మందికి ఉచిత భోజనం. ఏడాది మధ్యలో వచ్చి చేరేవాళ్ళు కొందరు, ఏడాది మధ్యలో ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్ళు కొందరు. ఇంగ్లీషు, లెక్కలు రెండూ గట్టెక్కేది పదిమందిలో నలుగురు. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చిపోయినప్పటి నుంచి టీచర్లు పిల్లల్ని పేరుతో కాక గ్రేడుతో గుర్తుపెట్టుకుంటున్నారని చెప్పుకునేవారు. అమ్మమ్మకు ఇవేవీ పట్టవు. "పేపరు మీద పేరు రాశారా లేదా, అంతవరకే నా పని" అనేది.

ఆ స్కూల్లో కస్తూరి ఆంటీ కూతురు భావన చదివేది. ఒంగోలు నుంచి వచ్చి ఏడాదిన్నర. కస్తూరి ఆంటీ ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో చేస్తుంది, మా చర్చికే వస్తుంది. మావాళ్ళలో పరీక్షకు వెళ్ళే పిల్లల తల మీద పెద్దవాళ్ళెవరో చెయ్యి వేసి ప్రార్థన చేయాల్సిందే, లేకపోతే గడప దాటనివ్వరు. లెక్కల పరీక్ష రోజున కస్తూరి ఆంటీది తెల్లవారుజాము షిఫ్టు. పిల్ల తనే తాళం వేసుకుని స్కూలుకి వెళ్ళింది.

హాల్లో భావన పెన్ను మూత కూడా తీయలేదు. కాసేపటికి చెయ్యి ఎత్తింది. అమ్మమ్మ వెళ్ళింది.

"ఆంటీ, నావల్ల కావట్లా. నేను వెళ్ళిపోతా."

అమ్మమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, తెలుగులో రెండు ముక్కలు గొణిగింది. భావన మూత తీసి రాయడం మొదలుపెట్టింది. అవతలి వరసలోని ఇన్విజిలేటర్ ఇదంతా చూసి, చూసింది చూసినట్టు రాసిచ్చింది. అది ఆవిడ పని.

పరీక్షల ఆఫీసరు బాబీ ఆ మధ్యాహ్నమే భావనని అడిగాడు, ఆవిడ ఏమందని. అమ్మమ్మ వంతు మర్నాటికి పెట్టాడు. చెప్పింది జవాబేనని తేలితే పిల్ల పేపరు కొట్టేస్తారు.

ఆ సాయంత్రం కస్తూరి ఆంటీ యూనిఫాం మార్చుకోకుండానే మా ఇంటికి వచ్చింది. వెనకే భావన.

"ఆంటీ, మీ ఉద్యోగం పోతుందని భయపడి ఇది, మీరు నీళ్ళు తాగమన్నారని చెప్పిందంట. మీరూ అదే చెప్పండి. మాట తేడా వస్తే దీని పేపరు పోద్ది. లెక్కలు లేకపోతే నర్సింగ్‌కి కాలేజీలో తీసుకోరు."

అమ్మమ్మ ఉతికిన దుప్పటి మడత పెడుతోంది. మడత ఆపలేదు.

"కళ్ళు మూసుకుని, తల మీద చెయ్యేసి నీళ్ళు తాగమని ఎవరన్నా చెప్తారా?"

"చెప్పొచ్చుగా," అన్నాను నేను. "నువ్వు నిద్రలో కూడా చెప్తావు."

భావన సోఫా అంచున కూర్చుని తన సాక్సుల వైపు చూస్తోంది.

"పొద్దున్నే పిల్లని నాతో పంపు," అంది అమ్మమ్మ. "ముందు అది నిజం చెప్తది. తర్వాత నేను చెప్తా."

"మరి మీ ఉద్యోగం ఆంటీ?"

"నీ కూతురు పేపరు సంగతి చూడు."

మర్నాడు ఇద్దరూ వెళ్ళి చెప్పారు. ఈ బిడ్డ భయం తీసెయ్యమని దేవుణ్ణి అడిగానని, లెక్కలు తనకే సరిగ్గా రావని అమ్మమ్మ చెప్పిందట. బాబీ రాసుకుని పరీక్షల బోర్డుకి పంపాడు. తర్వాత కొన్ని వారాలు ఏ కబురూ లేదు. అమ్మమ్మ అన్నం వండింది, తిన్నది, వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపల ఏం కనిపిస్తోంది అమ్మమ్మా, సీరియలా అని అడిగాను. మెషీన్ ఆగాక లేచి బట్టలు తీసింది.

జూలైలో బాబీ పిలిచాడు. భావన పేపరు చెల్లుతుందని, అమ్మమ్మ మాత్రం ఇక రానక్కర్లేదని చెప్పాడు. ఆవిడ మెడలోని స్కూలు కార్డు తీసి బల్ల మీద పెట్టి, ఓకే అని వచ్చేసింది. ఇంటికి వచ్చి బూట్లు తుడిచి షెల్ఫులో పెట్టింది. కోపం, దుఃఖం, ఏదో ఒకటి వస్తుందని నేను టీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. టీ చల్లారింది.

ఆగస్టులో రిజల్ట్స్ వచ్చాయి. స్కూలు లెక్క మారలేదు, పదిమందిలో ఆ నలుగురే. లెక్కల్లో నాలుగో గ్రేడు వస్తే పాసు. భావనకి మూడు. నవంబరులో పిల్ల మళ్ళీ రాస్తుందని కస్తూరి ఆంటీ ఫోన్లో చెప్పింది.

అమ్మమ్మ ఫోన్ పెట్టేసి చిక్కుళ్ళు తుంచుతూ కూర్చుంది. నాకు నోరు ఊరుకోదు కదా.

"ఉన్న ఉద్యోగం పోయింది. ఆ పిల్లకి మూడే వచ్చింది. ఏం ప్రార్థన అమ్మమ్మా నీది, ఒక్క గ్రేడు దగ్గర ఆగిపోయింది?"

ఆవిడ ఇంకో చిక్కుడుకాయ తుంచింది.

"నేను మార్కులడగలా. అది చివరిదాకా కూర్చుంది. నీలాగా పరీక్ష మధ్యలో లేచి బయటికి రాలా."