పేరు చెప్పని మేనత్త

నా చిన్నప్పుడు మా మూసాపేట గల్లీలో రాయికి కూడా మనిషికిచ్చినంత మర్యాద ఉండేది. రెండు గల్లీలకు కలిపి ఒకటే నల్లా, ఎండాకాలంలో పొద్దున గంటసేపే నీళ్ళు. ఆడవాళ్ళకు ఇంట్లో సవాలక్ష పనులు. అందుకని వరుసలో బిందె పెట్టి వెళ్ళేవారు. బిందె ఖాళీ లేనివాళ్ళు ఒక రాయి పెట్టేవారు. రాయి ఉన్నచోట ఆ మనిషి ఉన్నట్టే లెక్క. దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు.

నేను ముట్టుకున్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఒకచోట నిలబడడం నా ఒంట్లోనే లేదు, ఇంట్లో నన్ను కాలుగాలిన పిల్లి అనేవారు. మా బిందెకు ముందు ఒక రాయి ఉంది. తెలియక కాదు, తెలిసే దాన్ని కాలితో పక్కనున్న మురుగు మోరీలోకి నెట్టి, మా బిందెను ముందుకు జరిపాను.

ఆ రాయి వెనక గల్లీలోని ఒక బాలింతది. బిడ్డకు పాలిచ్చి వచ్చేసరికి ఆమె చోటు పోయింది, కాసేపటికి నల్లా కూడా ఆగిపోయింది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. మీవాళ్ళే తీశారని వెనక గల్లీవాళ్ళు, అసలక్కడ రాయే లేదని మావాళ్ళు. మాటామాటా పెరిగి జుట్లు పట్టుకునేదాకా వచ్చింది.

బాలానగర్‌లో ఫ్యాక్టరీ పనికి బయల్దేరబోతున్న మా మేనత్త, నల్లాకు ఎదురుగా ఉన్న మా గడప మీద టిఫిన్ డబ్బా పెట్టి వాళ్ళ మధ్యలోకి వెళ్ళింది. ఎవరిదో మోచెయ్యి తగిలి ఆమె పెదవి చిట్లింది. అయినా కదల్లేదు.

"పొద్దుగాల సంది నువ్వు గడప మీదనే కూసున్నవ్ గద. తీసినోళ్ళను చూపియ్, లొల్లి బందైతది" అని ఎవరో అన్నారు. చిత్రం, ఆ ఒక్క మాట మీద రెండు గల్లీలూ కలిసిపోయాయి. అందరూ ఆమె నోటికేసి చూస్తున్నారు. నేను మా బిందె వెనక నక్కాను.

"నేను చెప్ప. ముందుగాల బాలింతకు నీళ్ళు గావాలె" అంది అత్త. చెంబు తీసుకుని మా బిందెతో మొదలుపెట్టి, రెండు గల్లీల బిందెల్లోంచీ తలా ఒక చెంబు ముంచి ఆమె బిందె నింపింది. అందరూ తిట్టుకుంటూనే ఇచ్చారు. అత్త పనికి వెళ్ళాల్సిన వేళ ఎప్పుడో దాటిపోయింది.

ఇంట్లోకి రాగానే ఆమె ముందు ఏడ్చేశాను.

"నాకెరుకే బిడ్డా. నువ్వు నూకుతుంటె చూసిన."

"మరెందుకు చెప్పలేదత్తా?"

"చెప్తె రెండు గల్లీలు ఒక్కటై నీ మీద వడుతుండె. మల్ల రేపు గదే లొల్లి. ఒకర్ని అప్పజెప్పి తెచ్చుకున్న నిమ్మలం ఎన్నొద్దులుంటది?" అని పెదవి తుడుచుకుంది. "గట్లని నీ తప్పు వోలే. ఇగ వోయి ఆమెకు నువ్వే చెప్పు."

వెళ్ళి చెప్పాను. బాలింత నన్ను ఎగాదిగా చూసి, "రేపటి సంది నా బిందె నువ్వే పట్టు" అంది. ఆ ఎండాకాలమంతా పట్టాను.

ఆర్మీలో కల్నల్‌గా రిటైరై ఇప్పుడు నల్లగండ్లలో ఉంటున్నాను. మొన్న హైటెక్ సిటీలో ఒక ఆఫీసువాళ్ళు మాట్లాడమని పిలిచారు. "మీ కెరీర్‌లో బిగ్గెస్ట్ సక్సెస్ ఏదండీ?" అని అడిగింది ఒకమ్మాయి. ఏదో చెప్పి బయటపడ్డాను కానీ, ఇంటికొచ్చాక కూర్చోలేకపోయాను. ఇప్పుడు కూడా నిలబడే రాస్తున్నాను.

ఆఫ్రికాలో ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో ఉన్నప్పుడు, నీలి టోపీ పెట్టుకుని, కొట్టుకుంటున్న రెండు తెగల మధ్య ఒక శిబిరం నడిపాను. నెలల తరబడి ఎదురుపడని పెద్దలు ఒకరోజు కలిసే వచ్చారు. మా శిబిరంలో తలదాచుకున్న ఒకావిడను అప్పగిస్తే శాంతి ఒప్పందం మీద సంతకాలు పెడతామన్నారు. ఇటువాళ్ళ కబుర్లు అటు, అటువాళ్ళవి ఇటు మోసిందని ఇద్దరికీ ఆమె మీద కోపం. నిజంగా మోసిందో లేదో నాకు తెలియదు. సంతకాల కోసం మా పైవాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఇవ్వనన్నాను. పెద్దలు లేచి వెళ్ళిపోయారు.

ఆమెను వేరే ఊరికి పంపించగలిగాను. కానీ గొడవలు మరో మూడు వారాలు సాగాయి, ఆ మూడు వారాల్లో రెండు వైపులా మనుషులు పోయారు. వాళ్ళను మా స్ట్రెచర్ల మీదే మోశాం. ఆ తర్వాతే, ఎవరినీ అప్పగించమని అడగకుండా, సంతకాలు పెట్టారు. నా ఫైల్లో అది విజయమనే రాశారు. పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు ఏమనుకుని ఉంటారో ఏ ఫైల్లోనూ లేదు.

ఆ దేశం పేరు టీవీలో వినబడితే చాలు, చేతిలో ముద్ద వదిలేసి లేస్తాను. మా అత్త నేర్పింది తప్పని ఒక్కనాడూ అనుకోలేదు. దాని ఖరీదు ఇంతుంటుందని పాపం ఆమెకూ తెలియదేమో. ఇవాళ మళ్ళీ అడిగినా ఇవ్వననే అంటాను. అన్నాక నాకు నిద్ర పడుతుందని మాత్రం చెప్పలేను.