అవ్వ మానిక ఎన్ని కిలోలు?

ఈ రోజు గూడూరు రోడ్డు మీద తెలంగాణ కోసం వంటావార్పు చేశాం. కిరాణా దుకాణం నాదని కిచిడీ లెక్క నాకే అప్పగించారు. తండా నుంచి ఒక అవ్వ బియ్యం మూట, కొలిచే మానిక తెచ్చింది. నాకు కిలోల్లో తప్ప ఉప్పు లెక్క రాదు. మొదటి మానిక తూచాను. మిగతా తొమ్మిదీ అవ్వే కొలిచి గంజులో పోసింది. నా తూకాన్ని పదింతలు చేసి ఉప్పు వేశాను. కిచిడీ చప్పగా వచ్చింది.

“ఏందవ్వా, నీ మానికలన్నీ ఒక్క తీరు లేవా?”

“మొదటిది తూకానికన్నవు, చేత్తోని సాపు చేసిన. కడమయి నలుగురు తినేటియి గద బిడ్డా, గోపురమోలె పోసిన.”

చప్పటి కిచిడీనే గంజు అడుగుదాకా ఊడ్చి తిన్నాం. ఆ గోపురానికి ఎంత ఉప్పు పడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి, రేపు మళ్లీ వండాలి.