తోడికోడలి కంప్యూటర్ వేగం

మా అత్తగారింట్లో అందరిదీ మగ్గాల పనే. చీరల అంచులు, కొంగులు కంప్యూటర్‌లో గీసే పని నాది. ఆరేళ్ళు నేనొక్కదాన్నే గీశాను. మరిదికి పెళ్ళయ్యాక మా తోడికోడలు కూడా పక్కగదిలో కంప్యూటర్ పెట్టుకుంది.

"చిన్నకోడలు పొద్దున్నే ఇచ్చేసిందమ్మా. నీది ఇంకా అవలేదా?" అని మామయ్యగారు మామూలుగానే అడిగేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఆమె కంప్యూటర్‌లో మెమరీ పెంచే కొత్త ర్యామ్ వేయించుకుందని తెలిసి, ఎవరికీ చెప్పకుండా విజయవాడ బస్సెక్కాను. గవర్నర్‌పేటలో ఆమె కొన్న షాపులోనే అదే రకం అడిగి తెచ్చి వేసుకున్నాను. పెద్ద డిజైన్లు తెరిస్తే కంప్యూటర్ బిగుసుకుపోవడం తగ్గింది. అక్కడితో ఊరుకోవాల్సింది. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు గదిలోకి దూరి తన మెమరీ వేగం చూశాను. మూడు వేల రెండు వందలు. నాది రెండు వేల నూట ముప్పై మూడు.

మర్నాడే షాపుకి వెళ్ళి, "నాకు నాసిరకం అంటగట్టారండీ" అని గొడవ పెట్టుకున్నాను.

షాపు పెద్దాయన విసుక్కోలేదు. "సరుకులో తేడా లేదమ్మా. అది మామూలు వేగంతోనే మొదలవుద్ది. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు సెట్టింగుల్లోకెళ్ళి మెమరీ ప్రొఫైల్ ఆన్ చేయాలి. ఒకమ్మాయి, చీరల డిజైన్లేస్తదంట, మొన్నొచ్చి అడిగి రాసుకుపోయింది."

దారంతా ఉడికిపోయాను. ఇంటికి రాగానే ఆమెను నిలదీశాను.

"కొత్త ర్యామ్ వేశాక సెట్టింగ్ మార్చాలని తెలిసీ నాకెందుకు చెప్పలేదు?"

ఆమె తెల్లబోయింది. "నువ్వు ర్యామ్ కొన్నట్టు నాకెప్పుడు చెప్పావక్కా?"

ఆమే నా గదిలోకి వచ్చి, కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేసి, ఆ సెట్టింగ్ మార్చింది. తెర మీద మూడు వేల రెండు వందలు కనిపించింది. "ఇప్పుడు ఇద్దరివీ ఒకటే" అని నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను. నిజానికి పనిలో తేడా ఏమంత తెలియలేదు.

ఆ వారం ఇద్దరం ఒకే పూట డిజైన్లు ఇచ్చాం. మామయ్యగారు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. ముందు ఆమెదాన్నే మగ్గానికి ఎక్కించమన్నారు. ఆమె గీసిన హంసల వరస బాగుంది, నాకూ తెలుస్తూనే ఉంది. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు.