ఛాయాదేవి గారి స్నానాల సమ్మె

స్వయంగా వాడి చూస్తే గాని ఛాయాదేవి గారు లోకంలో దేన్నీ బాగుందని ఒప్పుకోరు. ఢిల్లీ కీర్తినగర్‌లో మంచం కొనడానికి వెళ్ళి, దుకాణంలోనే దాని మీద గంటన్నర నిద్రపోయిన మనిషి ఆవిడ. లేచి, "భయ్యా, ఎడమ పక్క కిర్రుమంటోంది" అని హిందీలో తీర్పు చెప్పి బయటికి నడిచారు. భర్త సదాశివరావు గారు ఆ గంటన్నరా పక్కనే స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకున్నారు. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో ఆయన అలా చదివిన పేపర్లకు అంతు లేదు.

లెక్కల టీచరుగా రిటైరై మయూర్ విహార్‌లో హాయిగా ఉన్న ఆవిణ్ణి తీసుకొచ్చి పిచ్చాసుపత్రి విజిటర్ల బోర్డులో వేయడం ఎవరి తెలివో నిరంజన్‌కి ఎప్పటికీ అర్థం కాలేదు. నిరంజన్ ఆరోగ్యశాఖలో గుమాస్తా, రాజమండ్రి మనిషి, ఢిల్లీలో పదిహేనేళ్ళ సర్వీసు. కొత్త చట్టం వచ్చి రెండు మూడేళ్ళయింది. దాని ప్రకారం బోర్డు సభ్యులు ముగ్గురైనా నెలకోసారి వెళ్ళి, ఆసుపత్రి మూలమూలా చూసి, అక్కడి పుస్తకంలో అభిప్రాయం రాసి సంతకాలు పెట్టాలి. ఆ సంతకాలు తేవడం నిరంజన్ పని. ఆవిడ రాక ముందు అది ఎంత సుఖమైన పని! సూపరింటెండెంటు గదిలో టీ, సమోసా, 'అంతా సంతృప్తికరం' అని ఒక ముక్క, కింద మూడు సంతకాలు. నలభై నిమిషాల్లో అంబాసిడర్ కారు వెనక్కి తిరిగేది.

మొదటి నెలే ఆవిడ సమోసా పక్కకు నెట్టి, "రోగులు తినే పప్పు తెప్పించండి" అన్నారు. వార్డులో బల్ల మీద కూర్చుని వాళ్ళ పళ్ళెంలోనే తిన్నారు.

"ఏందయ్యా నిరంజన్, ఇందులో పప్పు ఉందని నేనెట్టా సంతకం పెట్టను? నాకు కనపడందే!"

రెండో నెల తాగుడు మాన్పించే వార్డు. అక్కడ రోజూ పొద్దున రెండు గంటల ఉపన్యాసం. ఆవిడ రోగుల మధ్య చాప మీద కూర్చుని మొత్తం విన్నారు. తర్వాత పుస్తకంలో ఇలా రాశారు: 'జన్మలో మందు ముట్టని దాన్ని. ఈ ఉపన్యాసం అయ్యేసరికి నాకే తాగాలనిపించింది.' మరుసటి వారానికి ఉపన్యాసం అరగంటకు తగ్గింది. వార్డంతా ఆవిడకు దండాలు పెట్టింది. నిరంజన్‌కి మాత్రం ఆఫీసులో చీవాట్లు పడ్డాయి.

ఇక జనవరి. ఆడవాళ్ళ వార్డులో పద్నాలుగో మంచం మీద ఉష అనే అమ్మాయి ఉంది. మునిర్కాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, బ్యాంకులో టైపిస్టు. ఆగస్టులో చేరింది, దీపావళికి నయమైంది. అయినా ఆమె కాగితాల మీద వారం వారం ఒకటే మాట: 'స్నానానికి నిరాకరిస్తోంది. శుభ్రత లేదు. ఇంటికి పంపరాదు.' తండ్రి ప్రతి ఆదివారం వచ్చి ఒంటరిగా వెళ్ళిపోతున్నాడు. ఫిబ్రవరి ఒకటికి బ్యాంకుకు వెళ్ళకపోతే ఆ ఉద్యోగం కూడా పోతుంది.

"ఎందుకమ్మా స్నానం చెయ్యవూ?" అని అడిగారు ఛాయాదేవి గారు.

ఉష నర్సు వంక చూసి గొంతు తగ్గించింది. "ఆప్ ఖుద్ దేఖ్ లీజియే, ఆంటీ. మీరే వెళ్ళి చూడండి. నేను చెప్తే ఎవరూ వినరు."

ఛాయాదేవి గారికి ఇంకేం కావాలి! సంచీలోంచి తువ్వాలు, సబ్బు తీసి స్నానాలగదికి నడిచారు. రెండు నిమిషాల్లో పొడిగా తిరిగొచ్చారు. అక్కడ నాలుగు కుళాయిలున్నాయి గాని తలుపు లేదు. చిరిగిన గోనెపట్టా ఒకటి వేలాడుతోంది. ఎదురుగా మగ వార్డుబాయ్‌లు ట్రాలీలు తోసుకెళ్ళే దారి.

"సూపరింటెండెంటు గారూ, నేనూ ఇక్కడ స్నానం చెయ్యను."

"మేడమ్, మీరు ఇంటి దగ్గర చేస్తారు కదా!"

"ఆ పిల్ల కూడా ఇంటి దగ్గరే చేస్తుంది. పంపించండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. "తలుపు పెడితే రోగులు గడియ వేసుకుని ఏమైనా చేసుకుంటారు."

"బయటి నుంచి కూడా తీసే గడియ పెట్టండి. పేపరుతో లోపలికి పోయి కునుకు తీస్తారని మా ఆయన కోసం మా ఇంట్లో పెట్టించా."

"టెండరు పిలవాలి మేడమ్. మార్చి అవుతుంది."

"అయితే మార్చి దాకా నేనిక్కడే ఉంటా."

అని పుస్తకంలో రాసేశారు: 'ఇక్కడ స్నానానికి నేను కూడా నిరాకరిస్తున్నాను. ఈ ఆసుపత్రి లెక్క ప్రకారం నన్నూ ఇంటికి పంపరాదు.' రాసి, పదిహేనో మంచం ఎక్కి కూర్చున్నారు.

"మిమ్మల్ని బోర్డు నుంచి తీయించేస్తాను!"

"తీయించండి. అప్పుడు ఉత్త రోగినే. సొంత ఇష్టంతో చేరొచ్చని చట్టంలోనే ఉంది. నేను చదివా."

మిగతా ఇద్దరు సభ్యులూ పనులున్నాయని కారెక్కేశారు. నిరంజన్ చేతులు జోడించాడు. "మేడమ్, రేపు ఫైలు పెట్టకపోతే నన్ను చంపేస్తారండి. ఏదో ఒక సంతకం పెట్టేయండి."

"ఏవయ్యా, ఈ పిల్ల ఐదు నెలల్నుంచీ చెబుతోంది. ఆమె చెబితే జబ్బని రాశారు. అదే మాట నేను చెబితే ఫిర్యాదని రాస్తారు. నేను పప్పు తిన్నదీ చాప మీద కూర్చున్నదీ సరదాకా? వీళ్ళ మాట నా నోటితో చెబితేనన్నా వింటారని."

నిరంజన్‌కి సిగ్గేసింది. ఎన్ని నెలలు తను సమోసా తిని 'సంతృప్తికరం' అనే ముక్క మోసుకెళ్ళాడు! పదిహేనేళ్ళ సర్వీసులో మొదటిసారి అడగకుండా నోరు విప్పాడు.

"సార్, ఈ పుస్తకం రేపు సెక్రటరీ గారి బల్ల మీద ఉంటుంది. తలుపుకి టెండరెందుకు? మీ గది బాత్రూం తలుపు కొలత సరిగ్గా సరిపోతుంది."

సూపరింటెండెంటు ఆ పుస్తకాన్ని, మంచం మీద ఛాయాదేవి గారిని మార్చి మార్చి చూశారు. తర్వాత వడ్రంగిని పిలిపించారు.

నాలుగు గంటలకు సదాశివరావు గారు కబురందుకుని టిఫిను డబ్బా, రెండు పేపర్లు పట్టుకుని వచ్చేసరికి తలుపూ, బయటి నుంచి కూడా తీసే గడియా బిగింపు అయిపోయింది. ఉష వేడినీళ్ళ బకెట్టుతో లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. ముప్పావు గంట గడిచింది. సూపరింటెండెంటు రెండుసార్లు గడియారం చూసుకుని, మూడోసారి తలుపు తట్టబోయారు.

"తట్టారంటే చూడండి!" ఛాయాదేవి గారు మంచం మీది నుంచే కేక పెట్టారు.

ఉష తలకు తువ్వాలు చుట్టుకుని, కడిగిన అద్దంలాంటి మొహంతో వచ్చింది. నర్సు కాగితం మీద 'స్నానం చేసింది, శుభ్రంగా ఉంది' అని రాసింది. సూపరింటెండెంటు దాని కింద ఇంటికి పంపవచ్చని రాసి సంతకం చేశారు. నిరంజన్ వెళ్ళి ఆమె తండ్రికి ఫోన్ చేసొచ్చాడు.

చీకటి పడక ముందే తండ్రి వచ్చాడు. ఉష బట్టలు సర్దుకుని, వెళ్ళబోతూ పదిహేనో మంచం దగ్గర ఆగింది. పట్టుదలగా కూర్చునే ఉన్న ఛాయాదేవి గారి చెయ్యి పట్టుకుంది.

"చలియే ఆంటీ, మీరూ లేవండి. మీక్కూడా నయమైపోయింది."

ఛాయాదేవి గారు పకపకా నవ్వి, చెప్పులు వెతుక్కుంటూ మంచం దిగారు.