చంద్రం మేస్త్రి చివరి కొలత

"కారు వెనక షాకులకు ఏమొచ్చిందిరా? నూనె కారడం లేదు, చప్పుడు లేదు. ముందువి రెండూ మార్చు, చాలు."

"అమ్మా, నాలుగు స్ప్రింగులూ కొత్తవి వేసి వెనక పాత షాకులు ఉంచితే కారు గెంతుతుంది. చంద్రం మేస్త్రి నీ ఎదురుగానే చెప్పాడు."

"మేస్త్రికేం, చెబుతాడు. పనికొచ్చే వస్తువును పారేసే అలవాటు మనింట లేదు."

"కడుపుతో ఉన్న నీ కోడలు రోజూ అందులో జహ్రా దాకా పోయొస్తోంది. అది చూడవా నువ్వు?"

అంతలో మా అబ్బాయి సీను ఫోను మోగింది. చేసినవాడు రఫీక్. కడప జిల్లా మనిషి, గ్యారేజీలో చంద్రం మేస్త్రి పక్కన పదేళ్ళుగా పనిచేస్తున్నవాడు. "పెద్దమ్మకు చెప్పన్నా. మేస్త్రి పోయినాడు. మద్దేన్నం టీ తాగి కుర్చీలో కూచున్నోడు కూచున్నట్టే పోయినాడు" అన్నాడు.

ఎవరి మాట మీద మేం తల్లీకొడుకులం అంత గట్టిగా వాదించుకుంటున్నామో, ఆ మనిషే ఇక లేడు. సీను ఫోను పట్టుకుని నిలబడిపోయాడు. కువైట్ హవల్లీలో మా ఇంట ఆ పూట పొయ్యి వెలగలేదు.

నేను అయిదో తరగతితో ఆగిన మనిషిని. పొగడ్తలు రాయడం చేతకాదు. కానీ ఈ కువైట్‌లో ముప్పై ఏళ్ళు వంటమనిషిగా బతికి, చాలామంది పనివాళ్ళను చూశాను కనుక, ఈ ఒక్కడి గురించి చెప్పడం నా ధర్మమనుకుంటున్నాను.

చంద్రం మా కోనసీమ వాడే. ఇరవై ఏళ్ళకు పైగా షువైఖ్‌లో ఒకే గ్యారేజీలో, కార్ల స్ప్రింగులూ షాకులూ తప్ప మరో పని ముట్టకుండా గడిపాడు. ఇంజను సంగతి అడిగితే, "ఆయ్, అది నాకు తెల్దండి" అని పక్క షాపు చూపించేవాడు. తెలియనిదాన్ని తెలియదని చెప్పగల పనివాణ్ణి నా జన్మలో అతణ్ణొక్కణ్ణే చూశాను. తెలిసినదాంట్లో మాత్రం అతడి జ్ఞానం అపారం. పని ముగించిన ప్రతి కారులోనూ వెనక సీటులో సులైమానీ గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు. రఫీక్ కారును వీధి చివరి స్పీడ్ బ్రేకరు ఎక్కించి దించేవాడు. నిండు గ్లాసులో టీ తొణికితే ఆ కారు మళ్ళీ లోపలికే. యజమాని ఎంత తొందరపెట్టినా సరే.

నేను వంట చేసిన జహ్రా ఇంటి చిన్నకొడుకు ఒకసారి కొత్త కారు తెచ్చి, స్ప్రింగులు రెండు చుట్లు కోసి నేలకు ఆనించమన్నాడు. "కోసెయ్, ఖలాస్, అంతే" అన్నాడు. చంద్రం కోత మిషను కింద పెట్టేశాడు. "కోసిన స్ప్రింగు పొట్టిదవుతుంది, మొండిదవుతుంది, చోటులో కుదురుగా కూర్చోదు బాబూ. అయినా కోస్తాను. ముందు మీ అమ్మగారిని వెనక కూర్చోబెట్టుకుని, పక్క షాపులో కోసిన కారొకటుంది, దాంట్లో ఒక్క చుట్టు తిరిగి రండి" అని అరబ్బీలో చెప్పాడట. ఆ పిల్లవాడు నిజంగానే వాళ్ళమ్మను, మేం మామా అని పిలిచే ఆవిడను, తీసుకెళ్ళాడు. మామా ఆ రోజు ఇంటికొచ్చి నడుముకు వేడినీళ్ళ సంచి పెట్టమని నన్నే పిలిచింది. ఆ కారు స్ప్రింగులు కొయ్యలేదు. నెల తిరక్కుండా మామా కారు కూడా చంద్రం దగ్గరికే వెళ్ళింది.

ఇక మా కారు. సీను దానికి నాలుగో యజమాని. మా కోడలు లలిత జహ్రాలో నర్సు. ఏడో నెల. రోజూ సీనే దింపి, అక్కణ్ణించి మంగఫ్‌లో తన డ్యూటీకి పోతాడు. స్ప్రింగులు కుంగిపోయి, ఒకటి విరిగింది కూడా. ఎలాగూ మారుస్తున్నాం, ఒక అంగుళం దింపిస్తే నిలబడినప్పుడు అందంగా ఉంటుందన్నాడు సీను. అందం కొనుక్కోవడానికా నువ్వు ఈ ఎండలో పనిచేసేది అని నేను. చంద్రం నా పక్షం వస్తాడనుకున్నాను.

"అంగుళం దాకా తప్పు లేదండి అక్కగారూ. మలుపులో కారు తూలదు, కోడలమ్మకి కడుపులో తిప్పదు. అంగుళం దాటితే మటుకు నేను చెయ్యనండి. రోజూ తిరిగే బండి, ఊరేగింపు రథం కాదు కదండీ."

తర్వాత కారు వెనక మూల మీద రెండు చేతులూ ఆనించి నొక్కి వదిలాడు. "లెక్కెట్టండి" అన్నాడు. కారు మూడుసార్లు ఊగింది. "ఒక్కసారికే ఆగాలండి. స్ప్రింగు మోస్తాదండి, షాకు ఊరుకోబెడతాది. ఊరుకోబెట్టేవోళ్ళు లేపోతే ఎంత మోసి ఏం లాబం?"

అయినా, నా నోటితో మూడు లెక్కపెట్టి కూడా ఇంటికొచ్చి వాదించాను. నా బుద్ధి అది.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను.

స్ప్రింగులు ఎంచేముందు అతడికొక పద్ధతి ఉండేది. కారు ఖాళీగా ఉంటే కొలిచేవాడు కాదు. "రోజూ ఎవరెక్కుతారో అందరూ ఎక్కండి. రోజూ డిక్కీలో ఏముంటాదో అదంతా ఉంచండి" అనేవాడు. అందరూ ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నాక, చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు రెక్క అంచు దాకా దారం పట్టి ముడి వేసేవాడు. టైరు నుంచి ఎందుకు కొలవవని అడిగితే, "టైరు అరుగుద్దండి, నడిబొడ్డు అరగదు" అన్నాడు.

మా డిక్కీలో ఎప్పుడూ రెండు బస్తాల సోనామసూరి ఉంటుంది. ఇంట్లో చోటు లేదు, చవగ్గా దొరికినప్పుడు నేను వదలను. కొలతకు పిలిచిన శుక్రవారం ఉదయం, పరాయివాళ్ళ ముందు తిండిగింజలు తెరిచి పెట్టడమేమిటని, ఆ రెండు బస్తాలనూ మా బిల్డింగు కాపలావాడు హారిస్ చేత దింపించి అతడి గదిలో పెట్టించాను. డిక్కీని తడిగుడ్డతో తుడిచాను. చుట్టాలొస్తుంటే ఇల్లు సర్దినట్టు సర్దాను. "అంతేనాండి అక్కగారూ? ఇంకేం ఉండవాండి?" అని చంద్రం అడిగాడు. "అంతే" అన్నాను. మర్నాడు బస్తాలు మళ్ళీ డిక్కీలోకి చేరాయి.

ఆ కొలత మీదే అతడు స్ప్రింగులు ఎంచి తెప్పించాడు. పెట్టె వచ్చింది అతడు పోయిన రోజు ఉదయం.

కాగితాలు పూర్తయి అతడి దేహం విమానం ఎక్కడానికి అయిదు రోజులు పట్టింది. ఊళ్ళో భార్యా, ఇద్దరు కూతుళ్ళూ ఎదురుచూస్తున్నారు. సాగనంపడానికి వచ్చినవాళ్ళలో మనవాళ్ళే కాదు, అరబ్బులున్నారు, బెంగాలీలున్నారు, ఆ జహ్రా ఇంటి చిన్నకొడుకూ ఉన్నాడు. "ఆయన చేసిన కారు ఒక్కటీ తిరిగి రాలేదు పెద్దమ్మా" అని రఫీక్ ఏడ్చాడు. తిరిగి రాబోయే మొదటి కారు మాదే. బియ్యం బరువుకు వెనక భాగం కుంగుతుంది, గతుకు గతుక్కీ అడుగున కొట్టుకుంటుంది, ఆ దెబ్బ నా కోడలి కడుపుకు తగులుతుంది. మేస్త్రి చివరి కొలత తప్పిందని నలుగురూ అంటారు. కాదని చెప్పడానికి అతడు లేడు. చెప్పగలిగింది నేనొక్కదాన్నే.

అక్కడే, అందరి ఎదుటా రఫీక్‌కు బియ్యం సంగతి చెప్పాను. సీను నా వైపు చూసి తల దించుకున్నాడు. రఫీక్ "రేపు పొద్దున బస్తాలతో సహా రాండి" అన్నాడు.

ఇనుము ఎంత మోయగలదో, మనిషి ఎంత దాచగలదో రెండూ తెలిసిన మహానుభావుడు చంద్రం. అటువంటి చెయ్యి మళ్ళీ ఈ గడ్డ మీద దొరకదు. ఆ చేతికి, వయసులో పెద్దదాన్నయినా, నమస్కరిస్తున్నాను. మర్నాడు ఉదయం జరిగింది జరిగినట్టు రాసి ముగిస్తాను.

బస్తాలతో సహా షువైఖ్ వెళ్ళాం. రఫీక్ స్ప్రింగుల పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. అట్ట మీద పెన్సిలుతో చంద్రం రాసిన అక్షరాలున్నాయి. నేను కూడబలుక్కుని చదివాను. "వెనక రెండు బస్తాల బియ్యం కలిపి లెక్క. అక్కగారు తీసేసి తెచ్చారు. అడగొద్దు."

"కారు పైకెత్తినప్పుడు బరువుకు వెనక స్ప్రింగుల రబ్బర్లు అణిగిపోయింటే చూసినాడు పెద్దమ్మా. డిక్కీ సందులో నాలుగు గింజలు దొరికితే నా చేతిలో పెట్టి, సోనామసూరి అన్నాడు" అని చెప్పాడు రఫీక్.

నాలుగు షాకులూ మార్చమన్నాను. మధ్యాహ్నానికి పని అయింది. లలిత ముందు, నేను వెనక, బస్తాలు డిక్కీలో. రఫీక్ చంద్రం ముడి వేసిన దారం పట్టి చూశాడు. అంగుళమే దిగింది. ఒక గ్లాసు సులైమానీ తెచ్చి నా చేతికిచ్చాడు. సీను కారును వీధి చివరి స్పీడ్ బ్రేకరు ఎక్కించి దించాడు.

టీ తొణకలేదు. పారబోయకుండా తాగాను.